ఆకుపచ్చ తోడికోడళ్లు

క్రీస్తుదాసు ఏం ఉద్యోగం చేస్తాడని అమీర్‌పేటలో ఆయన గల్లీ వాళ్లను అడిగితే ముందు నవ్వి, తర్వాత చెబుతారు. పనీపాటా లేనివాణ్ని ఈగలు తోలుకుంటున్నాడంటాం కదా, సర్కారు జీతమిచ్చి మరీ ఆ పని చేయించుకునేది ఈయన ఒక్కడితోనే అంటారు. నవ్వితే నవ్వారు గానీ, అందులో అబద్ధం పెద్దగా లేదు. పంజాగుట్టలో మెట్రో స్తంభాల వెనక సందులో, లిఫ్టు ఎప్పుడూ పనిచేయని ఓ పాత బిల్డింగు మూడో అంతస్తులో, పురుగుల మీద పరిశోధన చేసే చిన్న ఆఫీసు ఉంది. అక్కడ దాసు అటెండరు. పదో తరగతి తప్పి అందులో చేరి ముప్పై ఏళ్లయింది.

అటెండరంటే టీలు అందించి ఫైళ్లు మోసేవాడనుకునేరు. చేరిన కొత్తలో అదే చేశాడు. అప్పటి ఆఫీసరు రాఘవేందర్ సారు ఒకనాడు వేళాకోళానికి మైక్రోస్కోపు కింద ఓ ఈగను పెట్టి, ఏం కనబడుతోందో చూడమన్నాడు. దాసు పావుగంట దాకా కన్ను తియ్యలేదు. ఆ మర్నాటి నుంచి సారు టీకి పిలవడం మానేసి ఈగలకు పిలవడం మొదలుపెట్టాడు. సన్న సూది గుచ్చడం, రెక్కలు విప్పి ఆరబెట్టడం, ఏది ఏ జాతిదో చూసి వేరువేరు పెట్టెల్లో పెట్టడం, అన్నీ నేర్పాడు. పదేళ్లు తిరిగేసరికి పట్టాలున్నవాళ్లు కూడా అనుమానమొస్తే పెట్టె పట్టుకుని దాసు బల్ల దగ్గరికే వచ్చేవారు.

అన్నీ ఈగలే కదా అని ఎవరైనా అన్నారో, దాసుకు ఒళ్లు మండేది. మూతి చూడమనేవాడు. మన ఇళ్లలో వాలేదానికి నాకే మూతి, మెత్తగా ఉంటుంది. పశువుల మీద వాలేది అచ్చం దాని అక్కలా ఉంటుంది, కానీ మూతి సూదిలా ముందుకు పొడుచుకొస్తుంది, అది రక్తం తాగే రకం. రెక్క చూడమనేవాడు. రెక్కలో ఫలానా నరం చివర్లో మోచెయ్యిలా వంగితే ఇంటి ఈగ, వంగకుండా పోతే దాని చుట్టం. ఇక చచ్చినవాటి మీద వాలే ఆకుపచ్చ ఈగలున్నాయి చూశారూ, వాటికి ఆయన పెట్టుకున్న పేరు తోడికోడళ్లు. పుస్తకంలో ఒకదాని పేరు లూసీలియా, ఇంకోదాని పేరు క్రైసోమియా. రెండూ ఒకే దుకాణంలో కొన్న ఆకుపచ్చ చీర కట్టుకున్నట్టు తళతళలాడతాయి. తేడా ఎక్కడంటే రెక్క మొదట్లో, ఒంటికి అతుక్కున్న చోట, లావుపాటి నరం పైన. క్రైసోమియాకు అక్కడ వరసగా సన్నటి వెంట్రుకలుంటాయి. లూసీలియాకు నున్నగా ఉంటుంది. దాసుకు ఆ లాటిన్ పేర్లు నోరు తిరిగేవే గానీ ఇంట్లో మాత్రం వెంట్రుకలది, నున్నది అనే అనేవాడు.

ఇంట్లో ఎందుకంటారా? భార్య రూతమ్మకు చెప్పకపోతే ఆయనకు అన్నం అరగదు. అన్నం దగ్గర గీ ఈగల ముచ్చట్లేందని ఆమె కసురుకునేది, వినేది. వినీ వినీ ఆమెకూ వచ్చేసింది. చికెన్ కొట్టు ముందు ఆగి, ఈ వానాకాలం వెంట్రుకలవి మస్తుగున్నయని మొగుడికి చెప్పేదాకా వచ్చింది.

దాసుకు ఒక తమ్ముడు, మోసెస్. తల్లీతండ్రీ ఒకరి వెనక ఒకరు పోయేనాటికి వాడికి ఏడేళ్లు. మరుసటేడు రూతమ్మ కాపురానికొచ్చింది. వచ్చిన మొదటి రోజే కొత్త పెళ్లికూతురి కొంగు పట్టుకుని వాడు వెనకాలే తిరిగాడట. వదినా అంటే ఆమె, ఆమె అంటే వాడు. దాసు సంగతి చెప్పనే అక్కర్లేదు, తమ్ముడి మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఈ మాట ఇప్పుడు అంటుంటే నా నాలుకే తడబడుతోంది, అయినా మనవాళ్లు అలాగే అంటారు, ఉన్నది కూడా అలాగే.

మోసెస్ సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని నేర్చాడు. చెయ్యి మంచిది. మూడేళ్ల కిందట ఆ షాపు మూతబడింది. ఇంకో చోట చేరాడు, మానేశాడు, ఇంకో చోట, అక్కడా అంతే. తాగుడు ఎప్పుడు మొదలైందో ఇంట్లో వాళ్లకు తెలిసేసరికే అది వాణ్ని తాగడం మొదలుపెట్టింది. అన్న తిట్టాడు, కొట్టాడు, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వాడు ఏడ్చి ఒట్టు పెట్టేవాడు, వారానికి ఒట్టు గట్టున పెట్టేవాడు. పోయిన జూన్‌లో దాసు ఇంట్లో గృహప్రార్థన జరుగుతుంటే వాడు తూలుతూ వచ్చి సంఘం పెద్దల ముందే చాప మీద వాంతి చేసుకున్నాడు. దాసు ఆ రోజు వాణ్ని గల్లీ చివరిదాకా నెట్టుకెళ్లి, మనిషివైతే రా, లేకుంటే రాకు అన్నాడు. వాడు వెళ్లిపోయాడు. మూతబడిన ఆ వర్క్‌షాపు షెడ్డులోనే పడుకుంటున్నాడని ఎవరో చెప్పారు. రూతమ్మ రెండుసార్లు అన్నం పట్టుకెళ్లింది, వాడు దొరకలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఏ ప్రార్థన జరిగినా దాసు ఆఖర్న ఒక మాట తప్పకుండా కలిపేవాడు: తప్పిపోయిన నా తమ్ముణ్ని ఇంటికి తీసుకురా ప్రభువా.

జూలైలో ఒక గురువారం సాయంత్రం మళ్లీ వాళ్లింట్లో గృహప్రార్థన. పదిమంది వచ్చారు. ముందుగదిలో చాపలు పరిచి, మగవాళ్లు ఓవైపు, ఆడవాళ్లు తలుపు వైపు కూర్చున్నారు. రూతమ్మ తలుపుకు ఆనుకునే కూర్చుంది. దాసు ముగింపు ప్రార్థన అందుకున్నాడు, అందరూ కళ్లు మూసుకున్నారు. అప్పుడు తలుపు చప్పుడైంది. పెద్దగా కాదు, వేళ్లతో కొట్టినట్టు.

ప్రార్థన మధ్యలో లేవకూడదన్నది వాళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. అయినా రూతమ్మ కదిలింది. చీర చప్పుడు విని దాసు కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి, కూర్చోమన్నట్టు సైగ చేశాడు. మళ్లీ చప్పుడైంది. ఆయన గొంతు పెంచాడు. సంఘం కోసం, దేశం కోసం, వానల కోసం, ఆస్పత్రుల్లో ఉన్నవారి కోసం, తలుచుకోగలిగినవన్నీ తలుచుకుంటూ ప్రార్థనను సాగదీశాడు. తప్పిపోయిన నా తమ్ముణ్ని ఇంటికి తీసుకురా అని కూడా అన్నాడు. జనం ముందు మళ్లీ ఆ చాప, ఆ వాంతి, ఆ సిగ్గు వద్దనుకున్నాడు మరి. సిగ్గు ఎంతటి పనైనా చేయిస్తుంది. ఆమేన్ అని తలుపు తీసేసరికి మెట్ల మీద ఎవరూ లేరు.

హాస్టల్ పిల్లలెవరో టులెట్ బోర్డు చూసి పొరపాటున కొట్టి ఉంటారని వచ్చినవాళ్లలో ఒకరన్నారు. అమీర్‌పేటలో అది రోజూ ఉండేదే. కోచింగ్‌కు వచ్చిన పిల్లలు గది కావాలని తట్టని తలుపు ఉండదు. దాసు అవునవునన్నాడు. రూతమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

తర్వాతి మంగళవారం సనత్‌నగర్ షెడ్డులో మోసెస్ శవం దొరికింది.

ఎవరూ వాణ్ని ఏమీ చెయ్యలేదు, కాలేయం చెడి రక్తం కక్కుకుని పోయాడని డాక్టర్లు తేల్చారు. ఎప్పుడు పోయాడో మాత్రం తేల్చలేకపోయారు. వాణ్ని ఆఖరుసారి అంతకు ముందు వారం సోమవారం నాడు కల్లు దుకాణం దగ్గర చూసినవాళ్లున్నారు, ఆ తర్వాత చూసినవాళ్లు లేరు. ఫోను ఎప్పుడో అమ్ముకున్నాడు. ఇలాంటప్పుడు శవం మీది పురుగుల్ని పోలీసులు దాసు ఆఫీసుకు పంపడం మామూలే. ఈగ గుడ్లు పెట్టిన దగ్గర్నుంచి పురుగు ఎంత పెరిగిందో చూస్తే ఎన్ని రోజులైందో లెక్క తెలుస్తుంది. కానీ ఒక్కో జాతి ఒక్కో వేగంతో పెరుగుతుంది. పురుగుగా ఉన్నప్పుడు తోడికోడళ్లిద్దరినీ విడదీయడం కష్టం. అందుకే కొన్నిటిని సీసాలో పెంచి, ఈగలై బయటికొచ్చాక రెక్క చూసి చెబుతారు.

ఆఫీసులో అప్పుడున్న సైంటిస్టు హైందవి, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన పిల్ల. సీసా మీద పేరు చూడగానే ఆమె లేచి వచ్చింది. దాసును పక్కకు పిలిచి, ఇది మీరు ముట్టుకోవద్దు, మీకూ మంచిది కాదు, రూలు కూడా కాదు, అంతా నేనే చూసుకుంటానంది. దాసు తలూపాడు. వెళ్లేముందు ఒక్కటే అడిగాడు. నున్నదైతే ఏ రోజు, వెంట్రుకలదైతే ఏ రోజు?

హైందవి లెక్క వేసి చెప్పింది. లూసీలియా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి అదైతే బుధవారం పొద్దుటికే ప్రాణం పోయినట్టు. క్రైసోమియా తొందరగా పెరుగుతుంది, అదైతే శుక్రవారానికి ముందు కాదు.

నున్నదైతే గురువారం తలుపు కొట్టింది మోసెస్ కాదు. వెంట్రుకలదైతే వాడు గురువారం బతికే ఉన్నాడు. దాసుకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

పది రోజులు. ఆ పది రోజులు ఆ ఇంట్లో ఎట్లా గడిచాయో పగవాడికి కూడా వద్దు. సమాధి కార్యక్రమం అయింది, చుట్టాలు వచ్చారు, పోయారు. రోజూ సాయంత్రం దాసు చెప్పులు విప్పేలోపే రూతమ్మ గుమ్మంలో నిలబడి పుట్టినయా అని అడిగేది. ఇంకా లేదనేవాడు. నున్నదే అయితదిలే అనేది ఆమె. ఏమో అనేవాడు ఈయన. నున్నదే, నా మనసు చెప్తున్నది అనేది. ఎవరి ధైర్యం కోసం ఎవరు అంటున్నారో ఇద్దరికీ తెలియదు.

పదో రోజు మధ్యాహ్నం హైందవి తలుపు తోసుకుని వచ్చి దాసు పక్కన కూర్చుంది. ఆమె కళ్లనిండా నీళ్లు, ముఖంలో మాత్రం వెలుగు.

"నరం నున్నగా ఉంది, దాసు గారూ. నాలుగు చూశాను, నాలుగూ లూసీలియానే. బుధవారమే పోయారు."

దాసు రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. తమ్ముడు పోయినందుకు అప్పటిదాకా సరిగ్గా ఏడవనే లేదు ఆయన. వాడు చచ్చినందుకు కాక, ముందే చచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాల్సి వచ్చింది. అలాంటి స్తోత్రం కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. రిపోర్టు రేపు సంతకం పెట్టి పంపుతానని చెప్పి, లక్డీకాపూల్‌లో మీటింగు ఉందని హైందవి వెళ్లిపోయింది.

సీసాలు కడగడం దాసు పని. ముప్పై ఏళ్లుగా చేతికి పట్టిన పని కాబట్టి ఆ సీసా కూడా తీశాడు. అడుగున ఇంకో ఈగ ఉంది, బతికి. ఒంటికి పచ్చరంగు తిరిగి తళతళమంటోంది. అప్పుడు ఆయన బల్ల మీద హైందవి గుచ్చిన నాలుగింటి వైపు చూశాడు. అవి ఇంకా బూడిదరంగులోనే ఉన్నాయి. చూడగానే విషయం అర్థమైంది. పిల్ల తొందరపడింది. ఈగ పుట్టిన వెంటనే రెక్కలు తడిసిన కాగితంలా ముడుచుకుని ఉంటాయి, రంగు కూడా రాదు. కొన్ని గంటలాగి, రెక్కలు విచ్చుకుని గట్టిపడ్డాకే చంపాలి. ఆయన బాధ తొందరగా తీర్చాలన్న ఆత్రంలో పాపం, పుట్టినవాటిని పుట్టినట్టే చంపేసింది. ముడతల్లో ఏ వెంట్రుక కనబడుతుంది? కొత్తగా చేరినవాళ్లు ఈ తప్పు చేస్తుంటే వెనకనుంచి ఆపేది ఎప్పుడూ దాసే. ఈసారి ఆయన్ని ముట్టుకోవద్దన్నారు.

సీసా కడిగేస్తే సరిపోయేది. ఎవరూ అడగరు. ఎవరికీ నష్టం లేదు, హంతకుడు లేడు, కోర్టు లేదు. దాసు కుళాయి దాకా వెళ్లాడు, కుళాయి విప్పాడు, మళ్లీ కట్టేశాడు. మనిషి కళ్లు మూసుకోగలడు గానీ అలవాటు కళ్లు మూసుకోదు. ఈగను మందు సీసాలో వేసి, చచ్చాక, కుడి రెక్క విప్పి మైక్రోస్కోపు అద్దం కింద పెట్టాడు. ఒకసారి చూశాడు. అద్దం తుడిచి రెండోసారి చూశాడు. లైటు మార్చి మూడోసారి చూశాడు.

రెక్క మొదట్లో, నరం మీద, వరసగా వెంట్రుకలు. లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉన్నాయి.

ఆ ఈగను జేబు డబ్బాలో పెట్టుకుని ఆయన మెట్లు దిగాడు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు నడిచే వచ్చాడు. దారి పొడుగునా ఒకటే అనుకున్నాడు. ఇది నాతోనే ఉండాలి. చెయ్యెత్తి కూర్చోబెట్టింది నేను, మొయ్యాల్సింది నేను. తలుపు పక్కనే కూర్చున్న మనిషి, ఆమెకు తెలిస్తే బతకదు. రిపోర్టు ఎట్లా ఉన్నదో అట్లా పోనీ.

రూతమ్మ ఎప్పటిలాగే గుమ్మంలో ఉంది. అడిగింది.

"నున్నదే, రూతూ," అన్నాడు దాసు. "బుధారం పొద్దుగల్లనే పోయిండట. ఆ రోజు కొట్టింది మనోడు కాదు. హాస్టల్ పోరగాళ్లే."

ఆమె ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాడు. దేవుడికి దండం పెడుతుందనుకున్నాడు. రూతమ్మ మెల్లగా గోడ పట్టుకుని కింద కూర్చుంది. చాలాసేపు ఆయన ముఖంలోకే చూసింది.

"మరి నన్ను వదినా అని పిలిచిందెవరు?" అంది.

ఆమే చెప్పుకుపోయింది, ఎవరితోనో కాదు, నేలతో చెప్పినట్టు. "రెండుసార్లు అన్నడు. తలుపు సందుల మూతి పెట్టి మెల్లగ అన్నడు. లోపల ప్రార్థన నడుస్తున్నదని వానికి తెలుసు గదా, గందుకే గొంతు లేపలే. నాకు ఒక్కదానికే వినబడ్డది. ఆమేన్ అనంగనే తీద్దామనుకున్న. ఎప్పటి లెక్క మెట్ల మీద కూసుంటడనుకున్న. నీ ప్రార్థన అయిపోలే." ఈసారి ఆయన వైపు తిరిగి, "నున్నదని నువ్వంటే నా చెవులే తప్పు విన్నయని నమ్ముదామనుకున్న. నమ్మబుద్ధయితలేదు," అంది.

పది రోజులు ఆమె ఆ ఒక్క మాటను కడుపులో పెట్టుకుని, మొగుడికి ధైర్యం చెబుతూ తిరిగింది. ఆయన చేతి సైగను ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు. దాసు ఆమె పక్కనే నేల మీద కూలబడ్డాడు. జేబులోంచి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మూత తియ్యలేదు, ఏముందని అడగలేదు. అర్థమైంది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, గల్లీలో వినబడుతుందన్న సిగ్గు లేకుండా ఏడ్చారు.

మర్నాడు దాసు అందరికన్నా ముందే ఆఫీసుకు వెళ్లాడు. హైందవి రాగానే ఈగను అద్దం కింద పెట్టి చూడమన్నాడు. ఆమె వంగి చూసింది. చూసి, తల ఎత్తలేదు. తప్పు తనదేనని, రెక్కలు విచ్చుకునేదాకా ఆగాల్సిందని గొణిగింది. తర్వాత లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, అది కేసు కూడా కాదు, ఎవరూ ఏమీ అనరు, బుధవారమనే ఉంచేద్దాం, మీరు ఈ వయసులో ఎందుకు ఇదంతా మోయడం అని బతిమాలింది. పిల్ల మంచిది. ఆమె ముందున్న కాగితం మీద లూసీలియా అని టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే మిగిలింది.

దాసు ఆ కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టాడు.

"శుక్రారమని రాయుండ్రి మేడం," అన్నాడు. "గురువారం మా వాడు ఇంటికొచ్చిండు. రాలేదని మాత్రం రాయకుండ్రి."